తద్ధర్మం సంగతి మరిచారు

క్రియల కాలాల మీద మీరు వేసిన వ్యాసంలో, తెలుగులో భూత, వర్తమాన, భవిష్యత్ అని మూడే కాలాలని రాశారు. మరి తద్ధర్మం, అంటే అలవాటుగా ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే రూపం, దాని మాటేమిటి? ‘బస్సు ఆరింటికి వస్తుంది’ అంటే రోజూ వస్తుందనా, ఇవాళ రాబోతుందనా? పాత భాషలో ‘వచ్చును’, ‘వచ్చెదను’ లాంటి వేరు రూపాలుండేవి. ఇప్పుడు ‘వస్తుంది’ ఒక్కటే రెండు పనులూ చేస్తోంది. ‘రాదు’ కూడా అంతే. సందర్భాన్ని బట్టి మనమే అర్థం చేసుకోవాలి.

వ్యాసంలో అసలు కనపడనిది ‘వచ్చేసింది’. మొన్న కావలి బస్టాండులో మా అమ్మ, బస్సు ఇంకా మలుపు దగ్గరుండగానే ‘వచ్చేసింది, సంచి తీసుకోరా’ అంది. ఇంకా రాలేదు కదమ్మా అంటే, ‘కనపడతా ఉండాది గదా!’ అని కసిరింది. వ్యాకరణం ప్రకారం అది భూతకాలమే. ఆమె లెక్కలో మాత్రం ఇక వచ్చినట్టే. ‘వచ్చింది’ అని ఉంటే నేను బస్సు ఆగిందనుకునేవాణ్ణి. ఫోన్లో ‘వచ్చేశా, రెండు నిమిషాలు’ అనేవాళ్ళూ ఇదే బాపతు, ఇంట్లోంచి కదిలి ఉండరు. (నేనూ అంటాను లెండి.)

‘ఉండాది’ని తప్పు తెలుగు అని మాత్రం అనకండి. మా నెల్లూరు వైపు ‘వస్తా ఉండాడు’ అంటేనే మనిషి దారిలో ఉన్నాడని నమ్ముతాం.