రికార్డులో తప్పును దిద్దేదెవరు?

పెన్సిలిన్ పడనిది తల్లికి. డాక్టరు అడిగితే కూతురు ఆ సంగతే చెప్పింది. హడావుడిలో ఎవరో దాన్ని కంప్యూటర్ రికార్డులో కూతురి పేరు మీద ఎక్కించారు. కాగితాల రోజుల్లో అయితే ఆ తప్పు ఏదో ఒక ఆసుపత్రి బీరువాలో పడి ఉండేది. ఇప్పుడు అది కాపీ పేస్ట్ అవుతూ ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌లోకి, అక్కడి నుంచి మందుల షాపుకి, బీమా కంపెనీకి వెళ్లిపోతుంది. పది చోట్ల కనబడేసరికి అదే నిజమైపోతుంది. ‘నాకు ఆ మందు పడుతుందండీ’ అని ఆమె మొత్తుకున్నా, సిస్టంలో అలా లేదే అంటారు.

ఎలక్ట్రానిక్ రికార్డులు వద్దని మేం అనడం లేదు. స్పృహ లేకుండా ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి ఏ మందులు వాడుతున్నాడో వెంటనే తెలిస్తే ప్రాణం నిలబడుతుంది. మా బాధల్లా, ఇంతమంది రాసి ఇంతమంది చదివే ఆ రికార్డులో రోగి మాటకు చోటు లేకపోవడమే.

చట్టాలు ఉన్నాయి. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ తప్పుడు వివరాలు సరిచేయమని అడిగే హక్కు ఇచ్చింది. అమెరికాలో 1996 నాటి ఆరోగ్య సమాచార చట్టం హిపా కింద వచ్చిన నిబంధనల ప్రకారం, రోగి సవరణ కోరితే 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. కారణం చెప్పి మరో 30 రోజులు తీసుకోవచ్చు. రికార్డు సరిగ్గానే ఉందనుకుంటే తిరస్కరించవచ్చు కూడా. అప్పుడు రోగి తన అభ్యంతరం రాసిస్తే దాన్ని రికార్డుకు జతచేయాలి. వినడానికి బాగానే ఉంది. కానీ రాత్రి డ్యూటీ డాక్టరు కంటికి ముందుగా కనబడేది తెర మీది అలర్జీ హెచ్చరికే తప్ప, ఎక్కడో అడుగున ఉన్న రోగి అభ్యంతరం కాదు. దిద్దిన సంగతి పాత వివరాలు అందుకున్నవాళ్లకు చేరవేయాలని కూడా ఈ నిబంధనల్లో ఉంది. అలా అడగవచ్చని ఎంతమంది రోగులకు తెలుసు?

ఇక రిపోర్టుల సంగతి. అమెరికాలో 2016 నాటి చట్టం ఆధారంగా 2021 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల వల్ల చాలా పరీక్షల ఫలితాలు డాక్టరు చూడకముందే రోగి ఫోన్‌కి వస్తున్నాయి. దాచకపోవడం మంచిదే. అయితే శుక్రవారం రాత్రి బయాప్సీ రిపోర్టులో ‘కార్సినోమా’ (ఒక రకం క్యాన్సర్) అన్న మాట చూసిన మనిషికి సోమవారం దాకా ఎవరూ దొరకకపోతే ఆ టెన్షన్ ఎవరు తీరుస్తారు? నమూనా తీసేటప్పుడే డాక్టరు రెండు నిమిషాలు కూర్చుని, ‘రిపోర్టు ముందు మీకే రావచ్చు, అప్పుడే చూస్తారా, నేను ఫోన్ చేసేదాకా ఆగుతారా’ అని అడగాలి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు.

తన రికార్డును ఎవరు తెరిచారో కూడా రోగికి తెలియాలి. ఎస్టోనియాలో ప్రజలు ఆన్‌లైన్‌లో ఆ చిట్టా చూసుకోగలుగుతున్నారు. మిగతా దేశాలు ఎందుకు చేయలేవు? రికార్డు పరాయి చేతుల్లో పడితే ఏమవుతుందో కూడా చూశాం. ఫిన్లాండ్‌లో మానసిక చికిత్స రికార్డులు దొంగిలించిన వ్యక్తి 2020లో నేరుగా రోగులకే బెదిరింపులు పంపాడు. అలాంటి భయం ఉంటే డాక్టరు దగ్గర ఎవరు మనసు విప్పుతారు?

ప్రతి ఆసుపత్రిలోనూ రికార్డు తప్పుల కోసం పేరు, ఫోన్ నంబరు ఉన్న ఒక బాధ్యుడు ఉండాలి. స్మార్ట్‌ఫోన్ వాడలేనివాళ్లు నోటిమాటగా చెప్పినా ఫిర్యాదు రాసుకోవాలి. అలర్జీ, బ్లడ్ గ్రూపు, వాడుతున్న మందులు వంటి వివరాలకు 60 రోజుల గడువు మరీ ఎక్కువ. వాటిని రెండు మూడు రోజుల్లోనే తేల్చాలి, తేలేదాకా ఆ హెచ్చరిక పక్కనే ‘రోగి కాదంటున్నారు’ అని కనబడాలి.