పాతిక లక్షల కార్డు ఉంది, నోట్లోకి చూసేవారే లేరు

మా పెద్దమ్మ గంజి తాగుతుంటే ముక్కులోంచి కారుతుంది. ఎవరైనా వస్తున్న అలికిడి వినిపిస్తే చాలు, గిన్నె పక్కన పెట్టి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. క్యాన్సర్ వచ్చిందని ఆపరేషన్ చేసి అంగిలి సగం తీసేశారు. నోటికీ ముక్కుకూ మధ్య ఉండాల్సిన గోడ ఇప్పుడు లేదు. ఆ కంత మూయడానికి కట్టుడు పళ్ల సెట్టులాంటి ప్లేటు పెట్టుకోవాలి. అది ఆరోగ్యశ్రీ, అంటే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కింద రాదు, మీరే చేయించుకోవాలి అన్నారు ఆసుపత్రిలో. చేయించాం. కానీ సరిగ్గా కూర్చోదు, రాసుకుని పుండు పడుతుంది. అందుకని ఎక్కువ సేపు దాన్ని తీసి గ్లాసు నీళ్లలో వేసి ఉంచుతుంది.

మాది శ్రీకాకుళం జిల్లా. అడ్డపొగ అంటే ఏమిటో మా వైపు వారికి చెప్పనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. ఎక్కువగా ఆడవాళ్లకే ఈ అలవాటు. గాలికి ఆరదని, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కనుక పని చేసుకుంటూనే కాల్చుకోవచ్చని మా అమ్మమ్మ చెప్పేది. ఆ సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. వేరే చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ మా తీరంలో ఎక్కువగా ఉండటానికి కారణం ఇదేనని 1950ల్లోనే వైద్య పత్రికల్లో రాశారు. అంటే మా ఊళ్ల ఆడవాళ్ల నోళ్లలో ఏం జరుగుతోందో ప్రభుత్వాలకు తెలియక కాదు.

పెద్దమ్మకు ముందు అంగిలి తెల్లబడింది, ఆ తెలుపు మీద ఎర్రని చుక్కలు. కారం తగిలితే మంట. ఊళ్లో ఆర్ఎంపీ బీకాంప్లెక్స్ మాత్రలు, పూత మందు ఇచ్చాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడుసార్లు వెళ్లింది. బీపీ చూశారు, షుగరు చూశారు, మాత్రలు ఇచ్చారు. నోరు తెరవమని ఒక్కరూ అనలేదు. అలా 8 నెలలు గడిచాయి. పై పన్ను కదిలి దానంతట అదే ఊడిపోతే, పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాం. ఆయన టార్చి వేసి చూసి, ఆమెను బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు.

"కార్డు ఉంది కదా బాబూ, మళ్లీ డబ్బెందుకు?" విశాఖ వెళ్లే బస్సులో ఆమె నన్ను అడిగిన మాట ఇది. నేనూ అలాగే అనుకున్నాను. కార్డు పనిచేయాలంటే ముందు రోగం రుజువు కావాలని అక్కడికి వెళ్లాక అర్థమైంది. పుండులోంచి చిన్న ముక్క తీసి చేసే ముక్క పరీక్ష, స్కాన్, రక్త పరీక్షలు, మొదటి ముక్క సరిపోలేదని మళ్లీ ఇంకోచోట ముక్క పరీక్ష. ఇది క్యాన్సరే అని రాసిన కాగితం చేతికి వచ్చేసరికి 41 వేల రూపాయలు అయ్యాయి. పెద్దమ్మ మెడలో ఉన్న నల్లపూసల గొలుసు తాకట్టులోకి వెళ్లింది. ఇంకా అక్కడే ఉంది.

ఆ కాగితం వచ్చాక మాత్రం ఆపరేషన్‌కు గానీ, కరెంటు పెట్టడానికి గానీ రూపాయి అడగలేదు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడం అంటారు. 33 సార్లు పెట్టారు. వారానికి 5 రోజులు, రోజుకు పది పదిహేను నిమిషాల పని. ఆ కాసేపటి కోసం దాదాపు 7 వారాలు విశాఖలో రేకుల గది అద్దెకు తీసుకుని ఉన్నారు. పెదనాన్న జీడితోట పని మానుకుని ఆమె వెంట కూర్చున్నాడు. ఆయన పోగొట్టుకున్న కూలి, గది అద్దె, ఆటోలు, మెత్తగా వండి పెట్టడానికి గ్యాసు పొయ్యి, ఇవన్నీ కలిపితే పరీక్షల ఖర్చును మించిపోయాయి. వైద్యం ఉచితం అయిన మనిషికే ఇంత అప్పు మిగిలింది.

2007లో ఆరోగ్యశ్రీ రాకముందు మా ఊళ్లో ఇలాంటి జబ్బు వచ్చినవారు ఇంట్లోనే, వెనక వసారాలో మంచం మీద పోయేవారు. నేను చూశాను. ఆ పథకం పేదవాడికి పెద్దాసుపత్రి తలుపు తెరిచింది. అది నిజం, దానికి చేతులెత్తి మొక్కుతాను. అధికారం మారినప్పుడల్లా పేరు మారినా పథకం బతికే ఉంది, అదీ సంతోషమే. నా బాధ వేరే. అందరి పోటీ ఉచిత వైద్యం ఎంతవరకు అనే పరిమితి మీదే. మొదట కుటుంబానికి ఏడాదికి 2 లక్షలు అన్నారు. తర్వాత 5 అయింది. 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలకు పెంచితే, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. మా పెద్దమ్మ వైద్యానికి ఆసుపత్రి వేసిన బిల్లు 5 లక్షలు కూడా దాటలేదు. పాతిక లక్షలు ఆమెకు ఏ విధంగానూ అక్కరకు రాలేదు. ఆమెకు అక్కరకు వచ్చేది 8 నెలల ముందు ఒక టార్చిలైటు, నాలుకను అదిమి పట్టే చెక్కపుల్ల, రెండు నిమిషాలు.

ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు, డాక్టర్లు కాదు, ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూశారు. పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు దాకా తగ్గాయి. ఆ ఫలితాలు 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అంతకన్నా 20 ఏళ్ల ముందే మా శ్రీకాకుళం జిల్లాలోనే, కేరళ, గుజరాత్‌లలో మరో రెండు జిల్లాలతో పాటు, 36 వేల మంది పొగాకు వాడేవారిని ఇంటింటికీ తిరిగి పరీక్షించి, మానమని నచ్చజెప్పిన అధ్యయనం జరిగింది. అదీ 1986లో లాన్సెట్‌లోనే అచ్చయింది. మానినవారి సంఖ్య పెరిగింది. మా ఊళ్లను చూసి ప్రపంచం నేర్చుకున్న పాఠం మా ఆరోగ్య కేంద్రానికే చేరలేదంటే నాకు కడుపు మండుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నోటి క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఒకరు కూడా లేరు.

పాత తెలుగులో ఈ జబ్బును రాచపుండు అనేవారు. రాచపుండు గనుక రాజుల ఖర్చు తప్పదు అనే మాటను నేను ఒప్పుకోను. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే నెక్సావర్ నెల మందుకు బేయర్ కంపెనీ దాదాపు 2 లక్షల 80 వేలు తీసుకునేది. 2012లో ప్రభుత్వం మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటు వేరొకరిదైనా ఆ మందు తయారుచేసే అనుమతి, ఇస్తే అదే మందు 8,800కు వచ్చింది. మందు మారలేదు, ప్రభుత్వం మనసు పెట్టింది, అంతే. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపార లాభాన్ని 30 శాతానికి పరిమితం చేసినప్పుడూ ధరలు దిగాయి. ధర దించడం ప్రభుత్వం చేతిలో పనే.

డబ్బు ఎక్కడినుంచి తెస్తారని అడిగేవారు ఒక లెక్క చూడాలి. 2025 నాటికి ఆరోగ్యం మీద ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నాం. 2021-22లో, అదీ కోవిడ్ కాలంలో, కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టింది 1.84 శాతం. వచ్చే ప్రతి అదనపు రూపాయీ ముందు ఊరివైపు నడవాలని నా కోరిక. ఏరియా ఆసుపత్రిలోనే ముక్క పరీక్ష చేయాలి. క్యాన్సర్ అనే అనుమానంతో చేసే ప్రతి పరీక్షనూ, అది క్యాన్సర్ కాదని తేలినా సరే, పథకమే భరించాలి. కరెంటు పెట్టించుకునే రోజులకు దారి ఖర్చు, తలదాచుకోవడానికి చోటు ఇవ్వాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మూడేళ్లలో క్యాన్సర్ డే కేర్ కేంద్రం పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. కీమో కోసం ఇంటి దగ్గరి నుంచే వెళ్లి రావచ్చు. అది నిజంగా జరిగితే పెద్ద మేలు.

ఇంటింటి క్యాన్సర్ సర్వే మా ఊళ్లోనూ జరిగింది. ఏఎన్ఎం గారు వచ్చి "నోట్లో పుండ్లు ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగారు, లేవన్నారు, ఫోనులో నొక్కి పక్కింటికి వెళ్లారు. ఆమెను తప్పుపట్టను. ఆ రోజు ఆమె తిరగాల్సిన ఇళ్లు ఎన్నో, ఆ ఫోనులో నింపాల్సిన గడులు ఎన్నో నాకు తెలుసు. నోరు తెరిపించి చూడటానికి ఆమెకు సమయం ఇవ్వాలి, తోడుగా ఇంకొక మనిషిని ఇవ్వాలి.

మొన్న ఆదివారం ఊరు వెళ్లినప్పుడు మా చిన్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, చుట్ట నోట్లోనే ఉంది. ముందు మొహమాటపడింది. పెద్దమ్మ లోపలినుంచి వచ్చి, తెరవవే అని కసిరితే నోరు తెరిచింది. నా ఫోను లైటు వేసి చూశాను. అంగిలి తెల్లగా ఉంది, మధ్యలో ఎర్రని చుక్కలు. వెనకవైపు వేలిగోరంత పుండు. ఎన్నాళ్లనుంచి అంటే, కోతల ముందునుంచి అంది.

ఈ గురువారం ఆమెను ముక్క పరీక్షకు తీసుకువెళ్తున్నాను. కార్డు దీనికి ఇంకా పనికిరాదు. డబ్బు సర్దుకున్నాను.