ఎడమ రెప్ప చెల్లెలికి, కుడి రెప్ప అత్తయ్యకు

తమిళులు అగ్నినక్షత్రమనీ మనవాళ్లు కర్తరి అనీ పిలిచే మే నెల ఎండల్లో, చెన్నై త్యాగరాయనగర్‌లోని ఒక కల్యాణ మండపంలో మా పెదనాన్నగారి మనవరాలి రిసెప్షన్ ఉంది. నా కనురెప్పలకు జిడ్డు ఎక్కువ. మైలాపూరులో ఇంటి దగ్గర దిద్దుకున్న ఐషాడో, కారు తేనాంపేట సిగ్నల్ దాటేలోపే రెప్ప మడతలోకి చేరి మసిగీతలా మిగలడం నాకు అలవాటైపోయింది. అందుకని ఈసారి బయలుదేరడానికి రెండు గంటల ముందే ఇంట్లో వాదం పెట్టించాను. జిడ్డు రెప్పకు ప్రైమర్, అంటే రంగుకు ముందు పూసే అడుగుపూత, పూసి రంగును కాపాడుకోవాలా, లేక పూతలు తగ్గించి రెప్పను దాని మానాన వదిలేయాలా అన్నది ప్రశ్న. మొదటి పక్షం పెళ్లికూతుళ్లకు మేకప్ వేయడమే వృత్తిగా పెట్టుకున్న మా చెల్లెలిది. రెండో పక్షం మా మేనత్తది. ఆవిడ పెళ్లికి ముందు పదేళ్లు కూచిపూడి ఆడారు, ఇప్పటికీ పిల్లల ప్రదర్శనలకు గ్రీన్‌రూమ్‌లో కళ్లు దిద్దుతారు. ఎడమ రెప్పను చెల్లెలికీ కుడి రెప్పను అత్తయ్యకూ అప్పగించి, తీర్పు చెప్పే పని నేనే ఉంచుకున్నాను.

చెల్లెలు: అత్తయ్యా, రెప్ప మీది చర్మం ఒంట్లోకెల్లా పలుచనిది, పైగా మడత పడేది. మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాడనుకున్నా, గంటకు 900 సార్లు ఆ మడత తనను తాను రుద్దుకుంటుంది. దానికి జిడ్డూ చెమటా తోడైతే ఏ రంగు నిలుస్తుందో మీరే చెప్పండి. ప్రైమర్‌లోని సిలికోన్ చర్మం మీది సన్నని గీతలను పూడ్చి, జిడ్డుకూ రంగుకూ నడుమ పలుచని తెరలా నిలుస్తుంది.

అత్తయ్య: గోడకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా సున్నం మీద సున్నం కొట్టే మేస్త్రీలా మాట్లాడుతున్నావు. మీ అక్క పొద్దున్నుంచి ఏమేం రాసుకుందో అడిగావా? తలకు కొబ్బరినూనె, ముఖానికి సన్‌స్క్రీన్, రాత్రి రాసిన క్రీము ఇంకా రెప్పల మీదే ఉంది. ఈ ఉక్కలో నుదుటి మీదిదంతా చెమటతో కలిసి కిందికే జారుతుంది కదా. ముందు రెప్పలను కడిగి, ఒత్తి తుడిచి, పది నిమిషాలు ఆరనిస్తే సగం బాధ అక్కడే తీరుతుంది.

(కొబ్బరినూనె సంగతి నేను ఇద్దరికీ చెప్పలేదు. నా పాపిట చూసి అత్తయ్యే పట్టేశారు.)

చెల్లెలు: కడగవద్దని నేనూ అనను, కానీ కడిగితే పోయే జిడ్డు కొంతే. రెప్పల అంచులోనే నూనె గ్రంథులు ఉన్నాయి. 1666లో హైన్రిష్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వాటిని వర్ణించాడు కనుక మైబోమియన్ గ్రంథులని పేరు. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉంటాయి. రెప్ప వేసినప్పుడల్లా అవి నూనె వదులుతూనే ఉంటాయి.

అత్తయ్య: నీ సాక్షి నా పక్షానే చెబుతున్నాడు. కన్నీటి మీద పొరలా పరుచుకుని అది ఆవిరైపోకుండా కాయడానికే ఆ నూనె ఉన్నది. ఆ గ్రంథుల నోళ్లు వెంట్రుకలకు లోపలి వైపున, మీరు వాటర్‌లైన్ అంటూ కాజల్ రుద్దే చోటనే ఉన్నాయి. నూనె ఊరే నోటికి మైనపు పెన్సిల్ అడ్డం పెట్టి, ఆ తరువాత కాజల్ కారిందని రెప్పను తిట్టడం ఏం న్యాయం?

చెల్లెలు: వాటర్‌ప్రూఫ్ పెన్సిల్ వాడితే అంత కారదు.

అత్తయ్య: రాత్రి ఇంటికొచ్చాక దాన్ని దేనితో తీస్తావు?

చెల్లెలు: నూనె కలిసిన రిమూవర్‌తో.

అత్తయ్య: సీసాలోని నూనె రాత్రి చేసే పని, రెప్పలోని నూనె పగలు చేయదా? అది నీటికి లొంగదు, అంతే. నూనెకు లొంగదని డబ్బా మీద ఎవరూ రాయలేదు.

ఇక్కడ చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. ఈ ఒక్క మాట పదేళ్ల కిందట ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఎన్ని పెన్సిళ్ల డబ్బు మిగిలేదో.

చెల్లెలు: సరే, మరి మీ కాటుక సంగతేమిటి? గుంటగలగర రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డను ఒత్తిగా చేసి, ఆముదం దీపం వెలిగించి, పట్టిన మసిని నేతిలో రంగరించేవారు కదా. అది నూనెలో పుట్టి నేతిలో పెరిగినది. జిడ్డు రెప్ప మీద అది నిలిచేదా?

అత్తయ్య: నిలిచేది కాదు. అందుకే స్టేజీ ఎక్కే ముందు గీత మీద పౌడర్ అద్దుకునేవాళ్లం.

చెల్లెలు: నేను చెబుతున్నదీ అదే! పెన్సిల్ గీత మీద అదే రంగు ఐషాడో పొడిని సన్నని బ్రష్‌తో అద్దితే గీత కదలదు. కాకపోతే ఒట్టి పౌడర్ జిడ్డును కొంతసేపే పీలుస్తుంది, ఆ తరువాత మడతలో ఉండ కడుతుంది. దాని కింద ప్రైమర్ ఉండాలి. అదీ రెండు కళ్లకూ కలిపి ఒక బియ్యపు గింజంతే, వేలి కొసతో అద్ది, ఒక నిమిషం ఆగాలి. ఎక్కువైతే ప్రైమరే మడతలోకి జారుతుంది. ప్రైమర్ బదులు మచ్చలు కప్పే కన్సీలర్ పూసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే చాలా కన్సీలర్లలో నూనెలే ఉంటాయి.

అత్తయ్య: కొలత తెలిసిన దానివి కనుక నీ చేతిలో అది పనిచేస్తుంది. కానీ పొద్దున లేచేసరికి వెంట్రుకల మొదళ్లలో పొట్టు కట్టి, అంచులు ఎర్రబడిన రెప్పకు కూడా ఇదే చేస్తావా?

చెల్లెలు: చేయను. పోయిన నెల ఒక పెళ్లికూతురు సరిగ్గా అలాంటి రెప్పలతో వచ్చింది. కళ్ల జోలికి పోకుండా కనుబొమలూ పెదవులూ మాత్రమే దిద్ది, గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టుకోమని చెప్పి కంటి డాక్టరు దగ్గరకు పంపాను.

రెండు రెప్పలూ సిద్ధమయ్యాక పరీక్ష కోసం నేను వంటింట్లోకి వెళ్లి, పొయ్యి ముందు అరగంట నిలబడి పిల్లలకు పూరీలు వేయించి వచ్చాను. భూతద్దపు అద్దంలో చూస్తే కుడి రెప్ప మడతలో వెంట్రుకంత తెల్లని చార కనిపించింది. అక్కడి రంగంతా పక్కకు జరిగి దారంలా పేరుకుంది. ఎడమ రెప్ప మీద రంగు వేసినది వేసినట్టే ఉంది. అయితే అదే కంటి కింద, అత్తయ్య మాట వినకుండా చెల్లెలు లోపలి అంచున గీసిన కాజల్ బూడిదరంగు నీడలా దిగింది. రెప్ప మీద ప్రైమర్ ఉండాలనీ, లోపలి అంచున కాజల్ ఉండకూడదనీ, రిసెప్షన్ రోజున తలకు నూనె అసలే కూడదనీ తీర్పు చెప్పాను. చెల్లెలు నా కుడి రెప్పను తుడవబోయింది.

“ఆగమ్మాయ్, ముందు ఆ ట్యూబు ఇటివ్వు,” అంటూ అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, ట్యూబు వెనక చీమల్లా ఉన్న అక్షరాలను కిటికీ వెలుగులో చదవడం మొదలుపెట్టారు.