పెళ్లికొడుక్కి కాళ్లు చల్లబడ్డాయట!

డాలస్ నుంచి దిగిన మా పిన్ని కొడుకు, కాకినాడలో తన పెళ్లికి ముందు రోజు రాత్రి డాబా మీద నిలబడి ఫ్రెండుతో ఫోన్లో "కోల్డ్ ఫీట్ వచ్చేశాయిరా" అన్నాడు. అది మా దొడ్డమ్మ చెవిన పడింది. ఆవిడకి అసలు ఇంగ్లీషే రాకపోతే గొడవ లేదు. కోల్డూ తెలుసు, ఫీటూ తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు.

తీరా అంతా కుదిరాక భయమేసి, వెనక్కి తగ్గుదామా అనిపిస్తే అమెరికాలో ఆ మాట అంటారు. 1890ల నుంచీ ఉన్నదే. మన ఇళ్లలో మాత్రం కాళ్లు చల్లబడ్డాయంటే తులసి తీర్థానికి పరిగెత్తాల్సిన సందర్భం!

నేను పైకెళ్లేసరికి ఇద్దరు మేనమామలు చెరో అరికాలికీ శొంఠిపొడి రుద్దుతున్నారు. ఎవరో 108కి ఫోన్ చేయబోతున్నారు.

"అది కాదు దొడ్డమ్మా, ఇది లోపలి సమస్య" అన్నాడు వాడు.

"అయ్యో, గుండెకేనా!" అని ఆవిడ శోకం అందుకుంది.

డాక్టరు బాబాయి వచ్చి పాదం పట్టుకుని, "నిజంగానే చల్లగా ఉందే" అన్నాడు. టెన్షన్ పడితే ఒంట్లో అడ్రినలిన్ ఊరి, కాళ్లూ చేతుల్లో చర్మం కింది సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయట. ఆ రక్తం పెద్ద కండరాలకి వెళ్తుందట, పారిపోవడానికి వీలుగా. ఇంత చెబితే, ఆడపెళ్లివారి విడిదికి 'పారిపోవడానికి' అన్న ముక్క ఒక్కటే చేరింది.

నన్నడిగితే మన పెద్దలు ఈ జబ్బుని ఎప్పుడో పసిగట్టారు. కాశీయాత్ర పెట్టింది అందుకే. గొడుగూ కర్రా పట్టుకుని పెళ్లికొడుకు సన్యాసానికి బయల్దేరాలి, బావమరిది బెల్లం ముక్క పెట్టి, బతిమాలి వెనక్కి తేవాలి. మామూలుగా నాలుగడుగుల తంతు. ఈసారి బావమరుదులు గేటుకి తాళం వేసి, బయట రెండు బైకులు స్టార్ట్ చేసి ఉంచారు.

ఇక కాళ్లు కడిగే వేళకి దొడ్డమ్మ చన్నీళ్లు ముట్టుకోనివ్వలేదు. వంటశాల నుంచి పొగలు కక్కే నీళ్లు తెప్పించింది. అత్తగారు చెంబు వంచి పోస్తే మామగారు కడగాలి కదా, కేక మామా అల్లుళ్లిద్దరూ కలిసే పెట్టారు. ఏం జరిగిందో తెలియక మేళగాళ్లు గట్టిమేళం అందుకున్నారు.

ఫొటోగ్రాఫర్ మాత్రం, "ఎక్స్‌ప్రెషన్ అదిరింది సార్. అమ్మా, ఇంకొక్కసారి పొయ్యండి" అన్నాడు.