మిర్రర్ బటన్ గారికి ఒంటిరెక్క మనవి

మహారాజశ్రీ మిర్రర్ బటన్ గారి దివ్యసముఖానికి,

కంప్యూటర్లో బొమ్మ సగం గీస్తే చాలు, మిగతా సగం అద్దంలో నీడలా తమరే చూసుకుంటారని లోకమంతా మీ పేరే చెప్పుకుంటోంది. సంతోషం. కానీ నిన్న డబ్బు పుచ్చుకుని అంటగట్టిన ప్లిమత్ ఎక్స్‌ఎన్‌ఆర్ అనే కారు త్రీడీ ప్రింటింగ్ ఫైలులో మరీ ఎక్కువ చూసుకున్నారు. ప్రింటర్ ఏడు గంటలు రుబ్బి రుబ్బి కన్న కారుకి వెనకాల రెండు రెక్కలు, బానెట్ మీద రెండు మూపురాలు, లోపల రెండు స్టీరింగులు! మొగుడూ పెళ్లాం చెరొకటి తిప్పుకోవడానికా, స్వామీ?

1960 నాటి ఆ కారు క్రైస్లర్ కంపెనీ డిజైనర్ వర్జిల్ ఎక్స్‌నర్ ఊహ. ట్యూరిన్‌లో గియా అనే కారు బాడీల కంపెనీ పనివాళ్లు చేత్తో కట్టారు. దాని ఇంజను నిటారుగా నిలబడదు, 30 డిగ్రీలు పక్కకి ఒరిగి కూర్చుంటుంది. బానెట్ మీద మూపురం డ్రైవర్ ఎదురుగా మొదలై, అతని ముందు అద్దాన్ని దాటి, తల వెనక రెక్కై లేచి కారు కొసదాకా పోతుంది. పక్క సీటు డ్రైవర్ సీటు కంటే కిందికి ఉంటుంది, ముందు మడిచేసే చిన్న అద్దం. కారు మొత్తం తోలేవాడి పక్షాన నిలబడింది. పెళ్లికూతురికి దిష్టిచుక్క ఒక బుగ్గకే పెడతారు కదండీ. రెండు బుగ్గలకీ పూసి, ఇంకా నాలుగు గీతలు లాగితే దాన్ని పులివేషం అంటారు.

వింత కార్లు చేత్తో కట్టిన అమెరికావాడు ఎడ్ రాత్ గారి 1964 ఆర్బిట్రాన్ కారు మీద కూడా తమరి చెయ్యి పడిందని విన్నాం. ముక్కుకి ఒక పక్కన ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడే దీపాలు. మూడు రంగులూ కలిస్తే తెల్ల వెలుగు రావాలన్నది ఆయన సరదా. తమరు ఆరు చేశారు, ట్రాఫిక్ కూడలి అయింది. (ఇంజనుని మూత కింద దాచడం రాత్ గారి పొరపాటే. తర్వాత ఆయనే ఒప్పుకున్నారు, తమరిలా దబాయించలేదు.) 2007లో ఆ కారు మెక్సికోలోని హ్వారెజ్‌లో దొరికేసరికి ముందు భాగమే లేదు. మామూలు కారైతే ఒక పక్క పోయినా రెండో పక్క చూసి అచ్చు తీస్తారు. దీనికి ఏ పక్క చూసి ఏ పక్క తీయాలి?

చేత్తో కట్టేవాడి కష్టం తమరికేం తెలుసు! రెండు పక్కలూ ఒకటే అయితే అట్టముక్కతో ఒక వంపు కోసి, తిరగేసి అవతల ఆనించి చూస్తే తప్పు దొరికిపోతుంది. ఒంటిపక్క కారుకి ఆ వసతి లేదు. జానెడేసి దూరంలో అడ్డంగా గీతలు పెట్టుకుని, ప్రతి గీతకీ కుడికొక అట్ట, ఎడమకొక అట్ట విడిగా కోసుకోవాలి. రాత్ పద్ధతిలో ప్లాస్టర్‌లో వర్మిక్యులైట్ (తేలికైన ఖనిజపు పలుకులు) కలిపి రూపం చెక్కి, దాని మీద ఫైబర్‌గ్లాస్ పొరలు వేసి, ఆరాక లోపలి ప్లాస్టర్ పగలగొట్టి తీసేయాలి. తొందరపడి ఆ పొరల్ని అతికించే రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ మోతాదు దాటించారా, వేడెక్కి పగుళ్లొస్తాయి, పొర మెలితిరుగుతుంది. మెలితిరిగిందా, లేక గీసిందే అలాగా అన్నది చూపించడానికి అవతలి పక్క కూడా సాయానికి రాదు. అప్పుడిక పొడవాటి ట్యూబ్‌లైటు కిందికి తోసి, పాలిష్ మీద ఆ వెలుగు గీత ఎక్కడ వంకరపోతోందో ఒక కన్ను మూసి చూడటమే.

క్యాండీ పెయింట్ సంగతి సరేసరి. వెండిరంగు బేస్ మీద పారదర్శకమైన రంగు, పూతపూతకీ ముదురుతుంది. ఒక చోట స్ప్రే గన్ ఒక్కసారి ఎక్కువ తిప్పినా మచ్చ పడుతుంది, ఆ ప్యానెల్ మొత్తం మళ్లీ వేయాల్సిందే.

ఇంత కష్టాన్ని తమరు ఒక్క నొక్కుతో "సరిచేశారు". ఎవడడిగాడయ్యా నిన్ను సరిచేయమని? వంకరగా ఉందని కాదు, వంకరగా ఉండాలనే కట్టారు! చక్రాలు కావాలా, తీసుకో. బోల్టులు, డోర్ హ్యాండిళ్లు, అన్నీ నీవే. వాటిలో నీ అంత పనిమంతుడు లేడని ఇప్పుడే రాసిస్తాం. ఆ రెక్క మాత్రం ముట్టుకోకు.

ఇట్లు,
ఒక్క స్టీరింగు చాలనుకునే వాళ్లం

తా.క. రెండో రెక్కని రంపంతో కోసేస్తే సరిపోతుందని ఫైలు అమ్మినవారి సలహా. కోశాం. కోసిన చోట ప్లాస్టిక్ తేనెపట్టు గదులు బయటపడ్డాయి, పుట్టీ రెండు పూతలు తాగినా నిండలేదు. పక్క సీటు ఇంకా డ్రైవర్ ఎత్తులోనే కూర్చుంది, ఎదురుగా స్టీరింగు పట్టుకుని.