ప్లాటినం నోము

ఈ కాలం కుర్రాళ్ళకి ఒళ్ళు వంగదనీ, పట్టుమని పది నిమిషాలు ఒక పని మీద కూర్చోలేరనీ రావులపాలెం సెంటర్లో టీ తాగుతూ తీర్పులిచ్చే పెద్దమనుషులు ఆ తీర్పుని వెంటనే వెనక్కి తీసుకోవాలి. వాళ్ళు మా మేనల్లుణ్ణి చూడలేదు. కార్తీక పౌర్ణమి వచ్చిన వారమంతా నేను అంబాజీపేట పక్కన మా అక్క గారింట్లో ఉన్నాను. ఆ వారంలో ఆ పిల్లాడు పడ్డంత కష్టం 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్ళు మోసినవాళ్ళు పడి ఉండొచ్చు గానీ, ఆ తరవాత ఈ డెల్టాలో ఇంకెవరూ పడలేదని నా గట్టి నమ్మకం.

ఆ కష్టం పేరు అచీవ్‌మెంట్లు. వీడియో గేమ్ ఆడడం, గెలవడం, కథ చివరికి చేరడం, ఇవన్నీ అమాయకులు చేసే పనులు. అసలు ఆట ఆ తరవాత మొదలవుతుంది. గోడల వెనక దాచిన వస్తువులన్నీ ఒక్కటి మిగలకుండా ఏరాలి. ఫలానా రాక్షసుణ్ణి ఒక్క దెబ్బ తినకుండా కొట్టాలి. చేసిన ప్రతిదానికీ తెర మూల నుంచి చిన్న చప్పుడుతో ఓ పతకం లేస్తుంది. 2005లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు తమ ఆటల యంత్రం ఎక్స్‌బాక్స్ 360తో దీన్నొక పద్ధతిలో పెట్టి, పాయింట్లు కూడి దానికి గేమర్‌స్కోర్ అని పేరు పెట్టారు. 2007లో కంప్యూటరు ఆటల కొట్టు స్టీమ్, 2008లో సోనీ వాళ్ళ ఆటల యంత్రం ప్లేస్టేషన్ అందుకున్నాయి. ప్లేస్టేషన్‌లో కంచు, వెండి, బంగారం ఉంటాయి. అన్నీ పూర్తిచేస్తే ప్లాటినం. నోముకి ఉద్యాపన ఎలాగో ఆటకి ప్లాటినం అలాగ. 2014లో ఓ అమెరికన్ గేమర్‌స్కోర్‌ని పది లక్షలకి చేర్చి ప్రపంచంలో ప్రథముడయ్యాడు. మాకైతే ధవళేశ్వరం దగ్గర వరద పది లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అతని ఇంట్లోవాళ్ళు ఏ హెచ్చరికా ఇచ్చినట్టు లేదు.

పాతతరం ఆటగాళ్ళు ఇంకా నిష్ఠాపరులు. 1982లో వచ్చిన పిట్‌ఫాల్ అనే ఆటలో 20,000 పాయింట్లు తెచ్చుకుని, టీవీ తెరని ఫొటో తీసి, ఆ ఫొటో కడిగించి పోస్టులో పంపితే, యాక్టివిజన్ కంపెనీ చొక్కాకి కుట్టుకునే గుడ్డ బిళ్ళ ఒకటి పంపేది. ఇది విని మా బావ ఏమీ ఆశ్చర్యపోలేదు.

“గవర్నమెంటు ఇల్లు కట్టుకున్నా అంతే కదా. బేస్‌మెంట్ లెవెలు అయ్యాక ఓ ఫొటో, రూఫ్ లెవెలు అయ్యాక ఓ ఫొటో. ఫొటో ఎక్కకపోతే బిల్లు లేదు. వాళ్ళకి గుడ్డముక్క అయినా వచ్చింది” అన్నాడు.

ఇక వారం సంగతి. మా అక్క ఆదివారం రాత్రే ఆర్టీసీ వాళ్ళ పంచారామాల బస్సెక్కింది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఐదు శివాలయాలూ ఒక్క రోజులో అయిపోవాలి. నాలుగు చూసి ఐదోది రేపు చూస్తానంటే లెక్కలోకి రాదు. సోమవారం పొద్దున్న ఆవిడ అమరావతిలో క్యూలో నిలబడే వేళకి, ఇంట్లో కొడుకు డెడ్ రైజింగ్ తెరిచాడు. 2006 నాటి ఆట. ఊరు ఊరంతా శవాలై లేచి తిరుగుతూంటే ఓ ఫొటోగ్రాఫరు షాపింగ్ మాల్లో చిక్కుకుపోతాడు. హెలికాప్టరు డెబ్భై రెండు గంటల తరవాత వస్తుంది. మన గోడ గడియారంలో అది ఆరు గంటలు. ఈలోగా 53,594 శవాల్ని మళ్ళీ చంపితే ఓ అచీవ్‌మెంటు. ఆ అంకె ఎక్కడిదంటే, ఆ కల్పిత ఊరి జనాభా అంత. 2011 లెక్కల్లో మన అమలాపురం జనాభా కూడా 53 వేల చిల్లరే. అంటే గడియార స్తంభం నుంచి ఎర్ర వంతెన దాకా ఒక్కణ్ణీ వదలకూడదన్న మాట.

నేను కాగితం మీద లెక్క వేశాను. నిమిషానికి దాదాపు 150 మంది పడాలి. చేతులతో అయ్యే పని కాదు. మాల్ కింద సొరంగాలున్నాయి. అందులో కారెక్కి గుండ్రంగా తిరుగుతూ తొక్కించుకుంటూ పోవాలి. కారు పాడైతే ఇంకో కారు. పగవాడికి కూడా ఆ ప్రదక్షిణలు వద్దు. ఇందులో ఇంకో మెలిక ఉంది. అప్పటిదాకా ఆడింది సేవ్ కావాలంటే ఆ ఫొటోగ్రాఫరు మాల్లోని బాత్రూముకి వెళ్ళాలి. మా వాడు పొద్దున్నుంచీ తను వెళ్ళలేదు, అతన్నీ వెళ్ళనివ్వలేదు. నలభై వేలు దాటిన సుముహూర్తాన వీధి చివర లైన్‌మన్ మరమ్మతుకని కరెంటు ఆపించి ఎల్సీ తీసుకున్నాడు. ఫ్యాను ఆగింది, తెర ఆరింది. వాడు చాలాసేపు ఆ నల్లటి తెర వంకే చూసి, “మావయ్యా, నలభై రెండు వేల మంది బతికిపోయారు” అన్నాడు. పరామర్శలో నాకున్న అనుభవమంతా ఎందుకూ పనికి రాలేదు.

అర్ధరాత్రి మా అక్క విభూతి పొట్లాలతో దిగింది. ఐదు గుళ్ళ ముందు ఐదు ఫొటోలూ అప్పటికే స్టేటస్‌లో ఉన్నాయి. “అమ్మకి హండ్రెడ్ పర్సెంట్” అన్నాడు వాడు. ఆ గొంతులో భక్తి లేదు, అసూయ ఉంది. మంగళవారం బ్యాటరీ ఒకటి తెచ్చుకుని ఊరందర్నీ మొదటి నుంచీ మళ్ళీ చంపాడు. అయింది.

ఇంత చేస్తే ఏమొస్తుందని అడిగే అల్పబుద్ధులు ఉంటారు. వాళ్ళ కోసం ఇంకో ఆట ముచ్చట. 2017లో వచ్చిన జెల్డా ఆట, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్. దాన్ని చేసిన నింటెండో వాళ్ళ ఆటల యంత్రం స్విచ్‌లో అచీవ్‌మెంట్ల పద్ధతే లేదు. అయినా అడవులూ కొండలూ గాలించి 900 విత్తనాలు ఏరినవాళ్ళున్నారు. అన్నీ అప్పగిస్తే బహుమానంగా బంగారు రంగులో చుట్టలు చుట్టుకున్న పెంట ముద్ద ఒకటి చేతిలో పెడతారు. నేను కల్పించడం లేదు. మా బావ ఇది విని కొట్టం వైపు తిరిగి, “మన గేదె రోజూ రెండు పూటలా ఇస్తానే ఉంది, తియ్యమంటే వీడు ముక్కు మూసుకుంటాడు” అన్నాడు.

బుధవారం పౌర్ణమి. మా అక్క తెల్లవారుజామునే కాలవలో స్నానం చేసి అరటిదొప్పలో దీపం వదిలింది. సాయంత్రం శివాలయంలో 365 వత్తుల కట్ట వెలిగించింది. ఏడాదిలో ఏయే రోజులు దీపం పెట్టడం తప్పిపోయిందో ఆ లోటంతా దీంతో పూడుతుందని నమ్మకం. కట్టలు ఇప్పుడు నేతిలో ముంచినవే కొట్లో దొరుకుతాయి. అందులో నిజంగా 365 ఉన్నాయా అని ఎవరూ విప్పి లెక్కపెట్టగా నేను చూడలేదు.

ఆ సాయంత్రమే మా వాడు ది స్టాన్లీ పేరబుల్ తెరిచాడు. 2013 నాటి ఈ ఆటలో ఒక అచీవ్‌మెంటు పేరే ‘బయటికి వెళ్ళు’. షరతు ఏమిటంటే, ఐదేళ్ళపాటు ఈ ఆట ముట్టుకోకూడదు. 2022లో వచ్చిన కొత్త రూపంలో దాన్ని పదేళ్ళు చేశారు. ఇంతకన్నా మంచి సలహా ఏ గేముల కంపెనీ ఇచ్చి ఉండదు. మా వాడు సలహాని శిరసావహించాడు. కంప్యూటరు గడియారాన్ని ఐదేళ్ళు ముందుకి తిప్పి, ఆట తెరిచి, పతకం పుచ్చుకున్నాడు.

“ఐదేళ్ళు ఆగమంటే గడియారం తిప్పుతావేంట్రా, పాపం కాదూ?” అంది గుడి నుంచి వచ్చిన మా అక్క.

“ఏడాది దీపాలు ఒక్క పూటలో వెలిగిస్తే పాపం కాలేదు కదమ్మా!”

మా బావ నా వంక చూశాడు. నేను చేతిలో ఉన్న చలిమిడి వంక చూశాను. మేనమామ హోదాలో తీర్పు చెప్పక తప్పలేదు. ఇద్దరిదీ శాస్త్రసమ్మతమే అన్నాను. ఆవిడకి పురాణం చెప్పే పంతులుగారు అనుమతిచ్చారు, వీడికి విండోస్ అనుమతిచ్చింది.

అయితే శివుడు ఊరుకున్నట్టు కంప్యూటరు ఊరుకోదు. ఐదేళ్ళు ముందుకెళ్ళిన యంత్రానికి వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలన్నీ గడువు తీరిపోయినవిగా కనిపిస్తాయి. తేదీ మళ్ళీ వెనక్కి తిప్పే తీరిక మా వాడికి ఎక్కడిది? గురువారం పొద్దున్న బ్యాంకు తెరుచుకోలేదు, ఆఫీసు పని తెరుచుకోలేదు. ఒక్క మునకైనా వెయ్యకుండా వాడి గదిలో 2027 గోదావరి పుష్కరాలు కూడా అయిపోయాయి. వాడు హైదరాబాదులో ఉన్న మేనేజరుకి ఫోన్ చేసి, “మా దగ్గర తుపానండి, నెట్ లేదండి” అని విన్నవించుకున్నాడు. కిటికీ అవతల రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తున్న మా బావ తలగుడ్డతో చెమట తుడుచుకుని, “ఆయ్, తుపానేనండి. కొట్టుకుపోతన్నాం” అని వంత పలికాడు. గోదావరి జిల్లాలో అబద్ధానికైనా మర్యాద తగ్గదు.

కానీ ఆడనందుకు పతకం ఇస్తారన్న మాట ఆయన మనసులో పడిపోయింది. రాత్రి అన్నాల దగ్గర అడిగాడు.

“ఏమీ చెయ్యకుండా కూచుంటే ఇచ్చేత్తారా?”

“ఆయ్, ఇస్తారు నాన్నా.”

“మరి 2011లో మేం సార్వా వెయ్యకుండా ఊరుకున్నాం. కోనసీమలో వేల ఎకరాలు. పెట్టుబడి రావట్లేదని క్రాప్ హాలిడే అన్నాం. మాకేవిచ్చారు?”

“స్క్రీన్‌షాట్ తీశారా?”

“పేపర్లో పడిందిరా. కమిటీ కూడా వేశారు.”

“కమిటీ లెక్కలోకి రాదు నాన్నా” అన్నాడు వాడు, నిజంగానే బాధపడుతూ.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇంత నిష్ఠ గల మనిషి తెర లోపలి ఊళ్ళకే అంకితమైపోతే డెల్టా ఏమైపోవాలి? శనివారం కూర్చుని ఓ పథకం రాశాను. కొబ్బరికాయలు వెయ్యి ఒలిస్తే కంచు. పంట బోదెలో గుర్రపుడెక్క తీస్తే వెండి. అర్ధరాత్రి వానొస్తే లేచి ధాన్యం రాశుల మీద బరకాలు కప్పితే బంగారం. ధాన్యం తేమ 17 శాతానికి దించి, గోనెసంచులు సంపాదించి, లారీ దొరకబుచ్చుకుని, మిల్లుకి తోలి, తరుగు కోత లేకుండా మొత్తం డబ్బు చెప్పిన గడువులో ఖాతాలో పడితే ప్లాటినం. మా బావ దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, కొడుకు గదిలోకి నడిచాడు.

వాడు శ్రద్ధగానే విన్నాడు. ఈ శాఖలో పతకం విలువ ఎంత కష్టపడ్డామన్న దాన్ని బట్టి ఉండదు, ఇంకెవరికీ లేకపోవడాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో పతకం ఎంత శాతం మందికి వచ్చిందో స్టీమ్ పక్కనే చూపిస్తుంది. పది శాతం కన్నా తక్కువ మందికి వచ్చినదాన్ని ఎక్స్‌బాక్స్ వజ్రం గుర్తుతో ప్రత్యేకంగా ఊరేగిస్తుంది. అందుకని వాడి మొదటి ప్రశ్నే అది.

“కొబ్బరికాయలది ఎంత శాతం మందికొచ్చింది?”

“ఊళ్ళో అందరికీ వచ్చురా.”

“కామన్. బరకాలది?”

“వానొస్తే ఎవడు పడుకుంటాడు? అందరూ కప్పుతారు.”

“అదీ కామనే. మరి ప్లాటినం?”

మా బావ మంచం మీద కూర్చుని వేళ్ళు మడిచి కాసేపు లెక్కపెట్టాడు. మడిచిన వేళ్ళు మళ్ళీ ఒక్కొక్కటే విప్పేశాడు. “ఈ చుట్టుపక్కల నాకు తెలిసి ఎవడికీ రాలేదు” అన్నాడు.

వారం మొత్తంలో ఆ పిల్లాడు కుర్చీ ఇటు తిప్పి తండ్రి మొహంలోకి చూడడం అదే మొదటిసారి.

“జీరో పర్సెంటా? గైడేమన్నా ఉందా నాన్నా?”

“మీ ముత్తాత కాడి నుంచీ వెతుకుతున్నాం. నీకు దొరికితే నాకూ ఒకటి పంపు.”