30 సెకన్ల ముసలితనం

డెబ్బై దాటిన మనిషి ఫోన్‌లో డబ్బు కడుతుంటే పక్కన కూర్చుని చూడండి. ఓటీపీ పైనుంచి జారి, చదివేలోపే మాయమవుతుంది. అదే క్షణంలో కిందినుంచి ఏదో ఆఫర్ పెట్టె లేస్తుంది. దాన్ని మూయడానికి ఇంటూ గుర్తు ఎక్కడుందా అని ఆయన వెతుకుతాడు. అది తెల్లటి తెర మీద లేత బూడిద రంగులో, చీమ తలకాయంత ఉంటుంది. వేలు గాల్లోనే ఆగిపోతుంది, 30 సెకన్ల టైమర్ సున్నాకొస్తుంది. "ఇటివ్వు తాతయ్యా" అంటూ మనవడు ఫోన్ లాక్కుంటాడు. "వయసైపోయిందిరా" అని ఆయన నవ్వేస్తాడు.

చేయని నేరాన్ని ఒప్పుకున్నట్టుంటుంది ఆ నవ్వు.

వయసుతో చురుకు తగ్గుతుందన్నది అందరికీ తెలిసిన మాటే. అయితే తగ్గేది ఏమిటని అడిగేవాళ్లు తక్కువ. 2005లో మెదడు శాస్త్రవేత్త ఆడమ్ గజాలీ బృందం చేసిన ప్రయోగం ఈ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చింది. స్కానర్‌లో పడుకున్నవాళ్లకు ముఖాలు, ప్రకృతి దృశ్యాలు కలిపి చూపించి, ఒక రకాన్ని గుర్తుపెట్టుకోమని, రెండోదాన్ని వదిలేయమని చెప్పారు. గుర్తుపెట్టుకోమన్నదాని మీద శ్రద్ధ పెట్టడంలో పెద్దవాళ్ల మెదడు కుర్రాళ్ల మెదడుకు తీసిపోలేదు. వదిలేయమన్నదాన్ని అణచడంలోనే వెనకబడింది. 2008లో అదే బృందం మెదడు తరంగాలు కొలిచి చూస్తే, ఆ అణచడం కూడా పూర్తిగా పోలేదని, మొదటి క్షణాల్లో జరగాల్సింది కాస్త ఆలస్యంగా జరుగుతోందని తేలింది.

అంటే ఆ పెద్దాయన ఓటీపీ మీద పెట్టాల్సిన శ్రద్ధ పెడుతూనే ఉన్నాడు. దాని మీద పడిన చెత్తను ఊడ్చడానికే ఆయనకు ఇంకో క్షణం కావాలి. మరి ఆ చెత్త పోసింది ఎవరు?

కంటి సంగతీ చూద్దాం. వయసుతో పాటు కంటిపాప చిన్నదవుతుంది, లెన్స్ పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ల కంట్లో రెటీనాకు చేరే వెలుగులో అరవై ఏళ్లకు దాదాపు మూడో వంతే చేరుతుంది. ఆ బూడిద రంగు ఇంటూ గుర్తును ఎంచుకున్న డిజైనర్ వయసెంతో ఊహించడం పెద్ద కష్టం కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం ఇంకో విషయం. పెద్దవాళ్ల స్కాన్లలో మెదడులో చూపు పని చేసే వెనక భాగంలో చురుకు తగ్గి, నుదుటి దగ్గరి ముందుభాగంలో పెరగడం పదేపదే కనిపించింది. వెనక తగ్గిన పనిని ముందుభాగం భర్తీ చేస్తోందని చాలామంది పరిశోధకులు భావిస్తారు. 2008లో ప్యాట్రీషియా రాయ్టర్-లోరెంజ్, క్యాథరిన్ క్యాపెల్ దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లారు. తేలిక పనికే అదనపు బలగాన్ని దించేసిన మెదడుకు, పని బరువెక్కితే దించడానికి మిగిలేది తక్కువన్నది వాళ్ల వాదన. నెలాఖరుకు దాచుకున్న డబ్బు పదో తారీఖునే తీసి వాడినట్టన్నమాట. ఆ దాచుకున్నదాన్ని ఆఫర్ పెట్టెలు మూయడానికి ఖర్చుపెట్టిస్తున్నాం.

మందగింపు నిజం కాదా అంటారా? నిజమే. ఒక్క చూపులో పట్టుకోగల విస్తీర్ణం వయసుతో కుంచించుకుపోతుంది, డ్రైవింగ్‌లో అది ప్రమాదం కూడా. సాధనతో కొంత మెరుగుపడుతుందనీ తెలుసు. అమెరికాలో 65 దాటిన 2,802 మందితో చేసిన యాక్టివ్ (ACTIVE) అనే అధ్యయనంలో, చూపు వేగానికి శిక్షణ పొందినవాళ్లు ఆ పరీక్షల్లో ముందుకొచ్చారు. సంతోషం. కానీ ఇంటూ గుర్తు వెతకడానికి కూడా మనిషికి శిక్షణ ఇవ్వాలంటే, దిద్దాల్సింది మనిషినా, తెరనా?

అసలు అన్నిటినీ వడకట్టేసే కుర్ర మెదడే ఆదర్శమని ఎవరు తేల్చారు? 1999లో సైమన్స్, షాబ్రి ప్రయోగంలో బంతి పాస్‌లు లెక్కపెడుతున్నవాళ్లలో సుమారు సగం మందికి, మధ్యలోంచి నడిచి వెళ్లిన గొరిల్లా వేషం కనబడలేదు. 2013లో ఊపిరితిత్తుల స్కాన్లలో గొరిల్లా బొమ్మ పెడితే 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మంది దాన్ని చూడలేదు. అంత గట్టి జల్లెడలో పనికొచ్చేదీ ఆగిపోతుంది. 2007లో కిమ్, హ్యాషర్, జ్యాక్స్ చేసిన ప్రయోగంలో, చదువుతుండగా అడ్డొచ్చిన అనవసర పదాలే తర్వాత ఇచ్చిన చిక్కుప్రశ్నలకు జవాబులు. వాటితో పెద్దవాళ్లు లాభపడ్డారు, కుర్రాళ్లకు ఆ లాభం దక్కలేదు. పనికిరాదని తోసేసినదే రేపు అక్కరకొస్తే, దాన్ని దాచుకున్నవాడిని మతిమరుపు మనిషి అంటే నాకు నవ్వొస్తుంది.

నా అసలు కోపం ఇక్కడే. యాడ్లు, ఎర్ర చుక్కలు, వాటంతటవే మొదలయ్యే వీడియోలు ఎవరి దృష్టినైనా లాగడానికే తయారయ్యాయి. కుర్రాడు వాటిని తోసేస్తున్నాడు కదా అని ఊరుకుంటున్నాం. తోసేయడానికీ ఖర్చవుతుంది, సాయంత్రానికి వాడి బుర్రా వేడెక్కుతుంది. ఆ బిల్లు ముందుగా అందేది పెద్దవాళ్లకు, అంతే తేడా.

నియమాలు లేక కాదు. 2008 డిసెంబర్‌లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చిన మార్గదర్శకాలు మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నాయి, సాధ్యమైన చోట గడువును ఆపడానికో పొడిగించడానికో వీలుండాలన్నాయి. ఓటీపీకి గడువు భద్రత కోసమంటే ఒప్పుకుంటాను. సరిగ్గా ఆ 30 సెకన్లలోనే దాని మీద ఆఫర్ పెట్టె లేవడం ఎవరి భద్రత కోసమో ఆ యాప్ చేసినవాళ్లే చెప్పాలి.